కార్పెట్ తీసేసి వినైలా, లామినేటా, టైలా? ముందు క్లోజెట్ మూలలో కార్పెట్ ఎత్తి చూడండి

మీ ప్రశ్న ఇంకోసారి చెప్పుకుందాం, చదివే మిగతావాళ్లకీ అర్థమవ్వాలి కదా. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో 2005లో కట్టిన రెండంతస్తుల ఇల్లు కొన్నారు, కింద లివింగు, డైనింగు, మాస్టర్ బెడ్‌రూము, మెట్లు, పైన గదులు అన్నీ పాత బీజ్ కలర్ కార్పెట్టే, ఇంట్లో రెండేళ్ల బాబు, వేసవికి మీ అత్తగారు మామగారు వస్తున్నారు, ఇప్పటికే సాంబారు గిన్నె ఒకటి డైనింగులో బోర్లా పడింది. ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిస్తే ఒకాయన లామినేట్ (ఫైబర్ బోర్డు పలకలు) అన్నాడు, ఇంకొకాయన వినైల్ ప్లాంక్ (ప్లాస్టిక్ పలకలు) అన్నాడు, మూడో ఆయన టైల్ అన్నాడు, ముగ్గురూ "వాటర్‌ప్రూఫ్" అనే మాట మాత్రం వదల్లేదు. ఎవరి మాట వినాలి, ఇదీ మీ ప్రశ్న.

నేను ఈ డాలస్ ఏరియాలోనే ఫ్లోరింగ్ పనిలో ఉన్నానండి, మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని వేసేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా ఇళ్లు చూసి ఎస్టిమేట్లు రాస్తుంటా. మనవాళ్ల ఇళ్లు చాలా చూశా కాబట్టి మన వంటలు, మన తడిబట్టలు, మన పూజలు అన్నీ లెక్కలో వేసుకునే చెప్తున్నా.

ముందు జవాబు చెప్పేస్తా, ఓపిక ఉన్నవాళ్లు కిందది చదువుకోండి. కింద అంతస్తు మొత్తం ఎస్‌పీసీ అనే గట్టి కోర్ (లోపలి పలక) ఉన్న వినైల్ ప్లాంక్, వేర్ లేయర్ అంటే పైన అరిగే పొర 20 మిల్, బెడ్‌రూముతో సహా. మెట్లకి మళ్లీ కార్పెట్టే, కాకపోతే కొత్తది, పల్చటిది. పైన గదులు ఇప్పటికి కదిలించొద్దు. ఇక ఏ కంపెనీ, ఏ రంగు అనేది అంత పెద్ద విషయం కాదండి, నిజంగా ఫ్లోర్ నిలబడేదీ పాడయ్యేదీ దాని కింద స్లాబు, అంటే ఇంటి అడుగున పోసిన కాంక్రీటు, ఎలా ఉందో, గోడల దగ్గర అంచులు ఎలా వదిలారో దాన్ని బట్టే, కానీ షోరూములో ఆ రెండూ కనిపించవు కాబట్టి ఎవరూ వాటి గురించి అడగరు.

వాటర్‌ప్రూఫ్ సంగతి ముందు తేల్చేద్దాం. ఎస్‌పీసీ అంటే సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి నొక్కిన పలక, దాన్ని తొట్టిలో నీళ్లలో పడేసి నెలరోజుల తర్వాత తీసినా ఏమీ అవ్వదు, ఆ మాట వరకు నిజమే. కానీ మీ ఇల్లు ఒక్క పలక కాదు కదా, వందల పలకలు క్లిక్ చేసి కలిపినవి, చుట్టూ గోడల దగ్గర ఖాళీ వదిలినవి. డిష్‌వాషర్ పైపు రాత్రంతా కారిందనుకోండి, ఆ నీళ్లు అంచుల్లోంచి కిందకి దిగుతాయి, దిగినవి పైన ప్లాస్టిక్ కాబట్టి ఆరవు, పలక బానే ఉంటుంది, బేస్‌బోర్డు (గోడ అడుగున కొట్టే పట్టీ) వెనక డ్రైవాల్ (జిప్సం పలక గోడ) బూజు పడుతుంది. కంపెనీ వారంటీ పలకకే, కింద జరిగినదానికి కాదు, కావాలంటే చిన్నక్షరాలు చదవండి. పాలు, సాంబారు, బాబు ఒంటేలు లాంటివి పడ్డప్పుడు కాసేపట్లో తుడిచేస్తే ఏమీ కాకూడదు, మనకి కావాల్సింది అంతే, దానికి ఇది చక్కగా సరిపోతుంది. వరద తట్టుకుంటుందని మాత్రం అనుకోవద్దు.

లామినేట్ చెడ్డదని నేను అననండి. నిజానికి గీతలు పడకుండా ఉండటంలో మంచి ఏసీ4 (అరుగుదల తట్టుకునే గ్రేడు) లామినేట్ చాలా వినైల్ కంటే నయం, పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర ఉంటుంది, బొమ్మ కార్లు ఎంత రుద్దినా తట్టుకుంటుంది, కాలికి కూడా చెక్కలా అనిపిస్తుంది. తిప్పలు ఎక్కడంటే దాని గుండె చెక్కపొట్టు నొక్కిన ఫైబర్ బోర్డు. ఇప్పుడు వచ్చేవాటికి అంచులకి మైనం పూసి 24 గంటలు, 72 గంటలు అని రాసి అమ్ముతున్నారు, అది పైన పడిన నీళ్ల లెక్క, రోజూ పిండీ పిండకుండా తడిబట్ట పెట్టే లెక్క కాదు. మన ఊళ్లల్లో గ్రానైటు మీద, విట్రిఫైడ్ టైల్స్ మీద బకెట్ నీళ్లు కుమ్మరించి వైపర్‌తో గుమ్మంలోకి తోసే అలవాటు ఉన్న పెద్దవాళ్లు వస్తున్నారు, మీరు ఆఫీసుకి వెళ్లాక అత్తగారు ఇల్లు శుభ్రంగా కడిగేస్తారు, సాయంత్రానికి అతుకుల దగ్గర అంచులు ఉబ్బుతాయి, ఆరాక కూడా అవి మళ్లీ కిందకి దిగవు. అందుకే పెద్దవాళ్లు వచ్చిపోయే ఇంటికి నేను లామినేట్ చెప్పను. వినైల్‌కి కూడా బకెట్ పద్ధతి వద్దు, కాకపోతే పొరపాటున ఒకసారి జరిగినా పలకకి ఏమీ కాదు. మామగారు "ఇంత డబ్బు పోసి ప్లాస్టిక్ నేలా" అనే మాట ఎలాగూ అంటారు, దానికి మందు లేదు.

వినైల్లోనే డబ్ల్యూపీసీ అని, లోపల నురగలాంటి తేలిక ప్లాస్టిక్ ఉన్న ఇంకోటి చూపిస్తారు. కాలికి మెత్తగా, కాస్త వెచ్చగా, చప్పుడు తక్కువగా ఉంటుంది. కానీ బరువు ఒకే చోట పడితే సొట్ట పడుతుంది. మన ఇళ్లల్లో వెట్ గ్రైండరు, టేకు మందిరం, నిండా సామాన్లున్న గోద్రెజ్ సైజు బీరువా ఉంటాయి కాబట్టి ఎస్‌పీసీ వైపే వెళ్లండి, కుర్చీల కాళ్లకి ఫెల్ట్ బిళ్లలు అతికించండి. ఇంకో మోసం ఏంటంటే, మోసం అనకూడదేమో, షోరూములో "8 ఎంఎం అండి, చాలా మందం" అంటారు. అది మొత్తం పలక మందం, అందులో అతికించిన ఫోమ్ ప్యాడ్ కూడా ఉంటుంది. అరిగేది పైన ఉన్న పారదర్శకమైన పొర, దాన్ని మిల్స్‌లో కొలుస్తారు, మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 20 మిల్ అంటే దాదాపు అర మిల్లీమీటరు. 6 మిల్ పొర ఉన్న 8 ఎంఎం పలక కంటే 20 మిల్ ఉన్న 5 ఎంఎం పలక మన్నుతుంది. అడగాల్సింది ఆ నంబరే.

టైల్ గురించి. ఒలికేవాటి విషయంలో పోర్సెలిన్‌ని మించింది లేదు, నీళ్లు పీల్చేది అర శాతం లోపే. కానీ మన శత్రువు టైల్ కాదు, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్. మామూలు సిమెంట్ గ్రౌట్‌లోకి పసుపు నూనె దిగితే ఇక వదలదు, ఎపాక్సీ (రెసిన్) గ్రౌట్ వేయించుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది కానీ కూలీ పెరుగుతుంది. పైగా ఇక్కడి నేల నల్లరేగడి లాంటి బంకమన్ను, వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, దాంతోపాటు స్లాబు కూడా సన్నగా పగులుతుంది, టైల్‌ని నేరుగా స్లాబుకి అతికిస్తే ఆ పగులు ఏదో ఒకరోజు పైకి గీతలా వచ్చేస్తుంది. మధ్యలో క్రాక్ ఐసొలేషన్ మెంబ్రేన్, అంటే పగులు పైకి రాకుండా ఆపే పొర, వేయమని చెప్పాలి, చాలా కొటేషన్లలో అది ఉండదు. జనవరిలో చల్లదనం, బాబు పడితే తగిలే దెబ్బ, స్టీలు గ్లాసు పడితే వచ్చే మోత అవన్నీ మీకు తెలిసినవే. వంటింట్లో ఆల్రెడీ టైల్ ఉంటే ఉంచేయండి, కొత్తగా లివింగంతా టైల్ వేయించాల్సిన అవసరం నాకు కనపడట్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ వీకెండు ఒక పని చేయండి, డబ్బు ఖర్చు లేదు. బయట గోడకి ఆనుకుని ఉన్న క్లోజెట్‌లో (బట్టల అరలో) ఒక మూల పట్టకారుతో కార్పెట్ అంచు పట్టుకుని పైకి లాగండి, టపటపమని ఊడి వస్తుంది. కింద ప్యాడ్ ఉంటుంది, గోడ వెంబడి మేకులు పైకి ఉన్న సన్నటి చెక్కపట్టీ ఉంటుంది, దాన్ని టాక్ స్ట్రిప్ అంటారు, చెయ్యి జాగ్రత్త, గ్లవ్స్ వేసుకోండి. ఆ పట్టీ రంగు చూడండి. చెక్క లేత రంగులో, మేకులు మెరుస్తూ ఉంటే స్లాబు పొడిగా ఉన్నట్టు. మేకుల చుట్టూ చెక్క నల్లబడి, మేకులు తుప్పు పట్టి ఉంటే కింద నుంచో గోడ నుంచో చెమ్మ వస్తోందన్న మాట. కాంక్రీటు మీద తెల్లటి పొడి, ఉప్పు పేరుకున్నట్టు కనపడినా అంతే. నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట చూసేది ఇదే, తేమ కొలిచే మీటరు బయటకి తీయకముందే సగం కథ తెలిసిపోతుంది.

అనుమానంగా ఉంటే రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటు ఒట్టి కాంక్రీటు మీద పరిచి నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజంతా వదిలేయండి, తీసినప్పుడు లోపల నీటి బిందువులు ఉన్నా, కాంక్రీటు ముదురు రంగుకి తిరిగినా, చెమ్మ ఉన్నట్టే. ఇది కొలత కాదు, సూచన మాత్రమే. అసలు కొలత కావాలంటే స్లాబుకి చిన్న రంధ్రం పెట్టి లోపల తేమ కొలిచే పద్ధతి ఉంది, కానీ ఇక్కడ ఆగండి, మీ ఇల్లు కట్టిన కాలంలో ఈ చుట్టుపక్కల కట్టిన ఇళ్లు చాలావరకు పోస్ట్ టెన్షన్ స్లాబులు, లోపల బిగించిన స్టీలు కేబుళ్లు ఉంటాయి. గ్యారేజీ నేల మీద ఎక్కడో "పోస్ట్ టెన్షన్, కోయొద్దు, డ్రిల్ చేయొద్దు" అనే ముద్ర ఉంటుంది, అది ఉంటే కేబుళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా ఎవరినీ లోతుగా డ్రిల్ చేయనివ్వకండి. మీది 2005 ఇల్లు కాబట్టి ఆస్బెస్టాస్ భయం లేదు, కానీ ఇది చదివేవాళ్లలో ఎవరికైనా 1980కి ముందు కట్టిన ఇల్లు ఉంటే, కార్పెట్ కింద 9 అంగుళాల చదరపు పాత టైల్స్, నల్లటి జిగురు కనిపిస్తే వాటిని పగలగొట్టకుండా, గీకకుండా ముందు టెస్ట్ చేయించండి.

తర్వాతది మట్టం. కార్పెట్ అన్ని పాపాలూ కప్పేస్తుంది, కింద గుంటలున్నా మెరకలున్నా కాలికి తెలియదు. క్లిక్ ప్లాంక్ అలా కాదు. చాలా కంపెనీలు రాసేది 10 అడుగుల దూరంలో 3/16 అంగుళం కంటే తేడా ఉండకూడదని. గుంట మీద పలక వేసి నడిస్తే ప్రతి అడుగుకీ కొంచెం కిందకి వంగుతుంది, వంగి వంగి కొన్నాళ్లకి ఆ నాలుక లాంటి అంచు విరుగుతుంది, అతుకు విడిపోతుంది, ఆ చీలికలోకి పాలు దిగుతాయి, ఇక ఎంత స్పిల్ ప్రూఫ్ అయితే ఏం లాభం. విరిగేదాకా కటక్ కటక్ అని చప్పుడు చేస్తూనే ఉంటుంది. అప్పుడు ఇంటాయన ప్లాంక్ కంపెనీని తిడతాడు, కంపెనీ ఇన్‌స్టాలేషన్ తప్పు అంటుంది, ఇన్‌స్టాలర్ ఫోన్ ఎత్తడు.

అందుకే కొటేషన్ రాసేటప్పుడు కాంట్రాక్టర్ చేతిలో పొడవాటి స్ట్రెయిట్ ఎడ్జ్ (మట్టం చూసే తిన్నటి బద్ద) ఉందా, కార్పెట్ తీశాక దాన్ని నేల మీద పెట్టి చూస్తాడా అడగండి. మెరకలు గ్రైండ్ చేయాలి, గుంటల్లో ప్యాచ్ గానీ సెల్ఫ్ లెవెలర్ (తనే పరుచుకుని మట్టమయ్యే సిమెంటు మిశ్రమం) గానీ పోయాలి. టాక్ స్ట్రిప్ ఊడదీసేటప్పుడు మేకుతో పాటు కాంక్రీటు పెచ్చులు లేచి పావలా బిళ్లంత గుంటలు పడతాయి గోడ చుట్టూరా, అవీ పూడ్చాలి, ప్యాడ్ అతికించిన పాత జిగురు గీకాలి. దీన్నంతా కలిపి "ఫ్లోర్ ప్రెప్" అంటారు. మీ ముగ్గురు కాంట్రాక్టర్ల కొటేషన్లలో ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ ఉందన్నారు కదా, ఈ లైను అందులో ఉందో లేదో చూడండి, లేదనే నా అనుమానం. కార్పెట్ లేపాక "అన్నా, నేల బాలేదు, ఇంకో రెండు వేలు" అనే కబురు అప్పుడు వస్తుంది, సామానంతా గ్యారేజీలో ఉంటుంది, మీరు కాదనలేరు. ముందే లెవెలర్ బ్యాగుకి ఇంత, గ్రైండింగుకి గంటకి ఇంత అని రాయించుకోండి.

మా వైపు ఇప్పుడు ఇంచుమించుగా 20 మిల్ ఎస్‌పీసీ మెటీరియల్ ఎస్ఎఫ్టీకి రెండున్నర నుంచి నాలుగున్నర డాలర్లు, వేసే కూలీ రెండు నుంచి మూడున్నర, కార్పెట్ పీకి పారేయడానికి డాలరు లోపు. కార్పెట్ మీరే పీకేసుకోవచ్చు, కష్టమేమీ కాదు, యుటిలిటీ నైఫ్‌తో రెండు మూడు అడుగుల పట్టీలుగా కోసి, చుట్టి, టేపు వేసి బయట పెట్టండి, సిటీ వాళ్ల బల్క్ పికప్ తీసుకెళ్తుందేమో ముందు కనుక్కోండి. మాస్క్ పెట్టుకోండి, పాత ప్యాడ్ పొడి అయిపోయి అంత దుమ్ము వస్తుంది, బాబుని ఆ రోజు ఎవరింటికైనా పంపించండి.

పలకకి వెనకాల ప్యాడ్ అతికించి వస్తే దాని కింద ఇంకో ఫోమ్ వేయించొద్దు. "మెత్తగా ఉంటుందండి" అని అమ్ముతారు, రెండు ప్యాడ్‌ల మీద పలక ఊగుతుంది, పైన చెప్పినట్టు లాక్ విరుగుతుంది, వారంటీ కూడా పోతుంది. చెమ్మ కోసం పల్చటి పాలీ (ప్లాస్టిక్) షీటు వేయమని కంపెనీ కాగితంలో ఉంటే అది వేరే సంగతి.

అంచులు. గోడల దగ్గర పావు అంగుళం ఖాళీ వదలాలి, వేడికి ఫ్లోర్ వ్యాకోచిస్తుంది. పడమటి వైపు పెద్ద స్లైడింగ్ గ్లాస్ డోర్ ఉంటే మరీ ముఖ్యం, టెక్సస్ ఆగస్టు ఎండ అక్కడ తగిలి పలకలు ఉబ్బి మధ్యలో లేచిన ఇళ్లు చూశా, మధ్యాహ్నం బ్లైండ్స్ వేసి ఉంచండి. అలాగే కిచెన్ ఐలండ్‌ని (వంటింటి మధ్యలో ఉండే గట్టుని) ఈ ఫ్లోర్ మీద కూర్చోబెట్టకూడదు, దాని చుట్టూ వేయాలి.

బేస్‌బోర్డుల గురించి ఎవరూ ముందు చెప్పరు. కార్పెట్ దూర్చడానికి వీలుగా బిల్డర్ వాటిని నేల నుంచి అర అంగుళం పైకి బిగించి ఉంటాడు, కార్పెట్ పోయి పల్చటి ప్లాంక్ వచ్చాక కింద నల్లటి చీలిక కనిపిస్తుంది. రెండే దార్లు, షూ మౌల్డింగ్ అని సన్నటి బద్ద కొట్టించడం లేదా బేస్‌బోర్డు ఊడదీసి కిందకి దించి కొట్టించడం. రెండోది అందంగా ఉంటుంది కానీ గోడ మీద పాత పెయింటు గీత కనపడుతుంది, మళ్లీ పెయింట్ పని. నేనైతే షూ మౌల్డింగే అంటా. గదుల తలుపుల కింద సందు కూడా పెరుగుతుంది, దానివల్ల కొంప మునిగేది ఏమీ లేదు, చప్పుడు కొంచెం ఎక్కువ వినపడుతుందంతే.

మెట్లకి కార్పెట్టే ఎందుకన్నానంటే, పెద్దవాళ్లు, పసివాడు ఉన్న ఇంట్లో నున్నటి మెట్లు నాకు నచ్చవు. సాక్సు వేసుకుని దిగితే చూడాలి. ఇంకో లెక్క కూడా ఉంది. మెట్ల ఎత్తుల్లో ఒకదానికీ ఇంకోదానికీ 3/8 అంగుళం కంటే తేడా ఉండకూడదని ఇక్కడి రెసిడెన్షియల్ కోడ్. కింద హాల్లో మందపాటి కార్పెట్, ప్యాడ్ తీసేసి పల్చటి ప్లాంక్ వేస్తే ఆ తేడా మేరకు మొదటి మెట్టు ఎత్తు పెరుగుతుంది, మన కాలికి పాత కొలత అలవాటు, తట్టుకునేది అక్కడే. మెట్లకి పాతదాని కంటే పల్చటి కార్పెట్, గట్టి పల్చటి ప్యాడ్ వేస్తే ఆ తేడా కింద కొంత, పైన కొంత సర్దుకుంటుంది. ఇన్‌స్టాలర్‌ని టేపుతో కొలిచి చూపించమనండి.

పైన గదుల్లో కార్పెట్ ఉంచమన్నది చప్పుడు కోసం. పైన బాబు పరిగెడితే కింద మాస్టర్ బెడ్‌రూములో పడుకున్న వాళ్లకి తెలుస్తుంది, కార్పెట్ ఉంటే చాలావరకు ఆగుతుంది. పైన తినే పదార్థాలు పట్టుకెళ్లొద్దని ఒక రూలు పెట్టుకోండి చాలు.

ఇక పసుపు. వినైల్ మీద సాంబారు పడి వెంటనే తుడిస్తే మరక ఉండదు, రాత్రంతా వదిలేస్తే, ముఖ్యంగా లేత రంగు పలకల మీద, పచ్చటి నీడ మిగలొచ్చు. సబ్బు తగలగానే ఎర్రగా మారితే కంగారు పడొద్దు, పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, కుంకుమ తయారయ్యేది కూడా అలానే కదా. ముందు మామూలు నీళ్లతో తుడవండి, మిగిలితే రబ్బింగ్ ఆల్కహాల్ గుడ్డకి కాస్త తడిపి అద్దండి, అసిటోన్ మాత్రం వద్దు. కిటికీ ఎండ పడే చోటైతే మిగిలిన పచ్చదనం కొన్నాళ్లకి తనే వెలిసిపోతుంది. మధ్యస్థంగా ఉండే బ్రౌను రంగు తీసుకోండి, తెల్లటి బూడిద రంగు పలకలు ఫోటోల్లో బాగుంటాయి, పప్పు పోపు పడ్డ ఇంట్లో కాదు, మరీ ముదురు రంగు మీద ముగ్గుపిండి పాదాలు, దుమ్ము అన్నీ కనపడతాయి.

పసుపు కంటే వినైల్‌కి నిజమైన శత్రువు రబ్బరు. అడుగున రబ్బరు ఉన్న డోర్‌మ్యాట్లు, రబ్బరు యాంటీ స్లిప్ ప్యాడ్లు కొన్ని నెలలు అలాగే ఉంటే రబ్బరులోని రసాయనం వినైల్లోకి దిగి పసుపు పచ్చ మచ్చ పడుతుంది, అది దేనికీ పోదు, పలక మార్చాల్సిందే. వినైల్‌కి పనికొస్తుందని రాసి ఉన్న ప్యాడ్ తీసుకోండి, లేదా ఉత్త నేత చాప వేసుకోండి. స్టీమ్ మాప్ కూడా వద్దు. పూజ దగ్గర దీపం కుందులు నేరుగా నేల మీద పెట్టొద్దు, అగరొత్తి నిప్పు రాలినా మచ్చ పడుతుంది, మందిరం ముందు ఒక గ్రానైటు ముక్క వేయించుకోండి, కౌంటర్‌టాప్ షాపుల వాళ్లు మిగిలిన ముక్కలు చవగ్గా ఇస్తారు. నూనె పడితే జారుతుంది, అత్తగారికి అది మాత్రం ముందే చెప్పండి.

వాసన, కెమికల్స్ గురించి అడిగారు కాబట్టి, బాక్సు మీద ఫ్లోర్‌స్కోర్ లేదా గ్రీన్‌గార్డ్ గోల్డ్ ముద్ర (గాల్లోకి రసాయనాలు తక్కువ వదులుతుందనే సర్టిఫికెట్) ఉన్నది తీసుకోండి, ఎలాగైనా లామినేట్ వైపే వెళ్తానంటే ఫార్మాల్డిహైడ్‌కి సంబంధించిన అమెరికా నిబంధన టీఎస్‌సీఏ టైటిల్ 6 పేరు రాసి ఉండాలి. వేశాక రెండు మూడు రోజులు కిటికీలు తీసి ఉంచండి.

చివరగా, గదికో నెల చొప్పున చేయించాలా ఒకేసారి చేయించాలా అన్నారు. కింద అంతా ఒకేసారి చేయించండి, విడివిడిగా కొంటే లాట్ మారి రంగులో చిన్న తేడా వస్తుంది, గుమ్మాల దగ్గర అక్కర్లేని పట్టీలు పెట్టాల్సి వస్తుంది. కొలతకి పది శాతం ఎక్కువ తీసుకోండి, మిగిలిన బాక్సులు తిరిగి ఇచ్చేయకుండా కనీసం ఒకటి, కుదిరితే రెండు, క్లోజెట్‌లో బల్లపరుపుగా పడుకోబెట్టి దాచండి, అటకెక్కించొద్దు, అక్కడి వేడికి వంకర తిరుగుతాయి. రెండు మూడేళ్లకి ఆ డిజైన్ షాపుల్లో దొరకదు, ఏ పలకైనా మార్చాల్సి వస్తే అప్పుడు అవే దిక్కు. క్లోజెట్ మూల ఎత్తి చూశాక టాక్ స్ట్రిప్ ఫోటో ఒకటి, ఆ మూడు కొటేషన్లు పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.